ఆ గదికి ఇరాయిస్ పేరు

ఎన్రమాద కళాకేంద్రం,
ఇరవై ఆరో వీధి, షికాగో
ఏప్రిల్ 27

దోన్యా డెల్ఫీనా గారికి నమస్కారాలు.

రెండు వారాలుగా ఫోన్ చేస్తున్నాను, మీరు తీయడం లేదు. తీయకపోవడంలో తప్పేమీ లేదు. ఆదివారం మీ ఇంటి మెట్ల దాకా వచ్చాను. కిటికీ తెర కదలడం చూసి వెనక్కి వెళ్ళిపోయాను. అందుకే ఈ ఉత్తరం. ఉత్తరమైతే మీకు చదవాలనిపించినప్పుడు చదవచ్చు, చించాలనిపిస్తే చించేయచ్చు.

ఇరాయిస్ పోయి ఏడు వారాలైంది. ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకి తలుపు చప్పుడైతే నా చూపు ఇంకా అటే పోతోంది. ఆస్పత్రిలో చివరి రోజుల్లో మీరు నన్ను లోపలికి రానిచ్చారు. ఆ మేలు మర్చిపోను.

అసలు సంగతి. సెప్టెంబరుకి మన ఎన్రమాదకి ఇరవై ఏళ్ళు నిండుతాయి. ఈ పేట పిల్లలకి ఇన్నేళ్ళుగా ఆటా పాటా నేర్పుతున్నందుకు నగరం తరఫున సన్మానం చేస్తామన్నారు. డౌన్‌టౌన్‌లో పెద్ద హాలు ఇస్తున్నారు. ఆ సందర్భంలోనే మా నాట్యం గదికి ఇరాయిస్ పేరు పెట్టాలని అందరం అనుకున్నాం. పదేళ్ళ పిల్లగా వచ్చింది, పదిహేడేళ్ళ దాకా ఇక్కడే పెరిగింది. చెక్కబల్ల మీద ఆమెలా అడుగు వేసిన పిల్ల మా దగ్గర ఇంకొకతె లేదు. పేరు పెట్టడానికి మీరూ మీవారు దోన్ ఫెర్మీన్ గారూ సంతకం చేయాలి. కాగితం దీనితోనే పెడుతున్నాను. వీలైతే ఒక మంచి ఫోటో కూడా పంపండి.

మీ
నొయెమీ అరియెతా


సౌత్ కెడ్జీ, షికాగో
మే 11

టీచరమ్మకి,

నేను ఆరో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే సర్దుకోండి. నోటితో చెప్పబోతే ఏడుపు ముందు వస్తుంది, ఆ ఏడుపు మీ ముందు ఏడవదల్చుకోలేదు. అందుకే రాస్తున్నాను.

నిన్న మే పది, అమ్మల పండుగ. మీ పిల్లలు తెల్లవారగానే గిటార్లు పట్టుకుని మా వీధిలో తల్లులకి పాడడానికి వచ్చారు. పక్కింట్లో పాడారు, ఎదురింట్లో పాడారు. మా వాకిలి దాటేటప్పుడు మాత్రం తీగల మీద చేతులు అడ్డం పెట్టుకుని, మునివేళ్ళ మీద దొంగల్లా నడిచిపోయారు. అక్కడ పాట ఆపండి అని మీరే చెప్పి ఉంటారు, మంచి మనసుతోనే. ఆ మంచితనం నాకు మేకులా దిగింది.

ఇక్కడే పెరిగింది అని రాశారు. మరి మా ఇంట్లో ఏం చేసిందండీ, అద్దెకుందా? పదిహేడేళ్ళు నేను దాని జడ వేశాను. ఫెర్మీన్ మీ ఉత్తరం చదివి, “ఆవిడ మీద ఉక్రోషం ఎందుకే, నీ పిల్లని ఎత్తుకుపోయిందా?” అన్నాడు. ఎత్తుకుపోయి ఉంటే పోలీసుల దగ్గరికి వెళ్ళేదాన్ని. పిల్లే వారానికి మూడుసార్లు పరిగెత్తుకుంటూ వచ్చింది మీ దగ్గరికి. దానికి ఎవరి మీద కేసు పెట్టను?

ఆస్పత్రి సంగతి ఎత్తారు కాబట్టి చెప్తాను. నేను రోజూ కోడిపులుసు కాచి సీసాలో పట్టుకెళ్ళేదాన్ని. వాసన పడట్లేదమ్మా అని గోడ వైపు తిరిగేది. మీరు గురువారం గురువారం వీధిబండి దగ్గర గ్లాసులో ఉడికించిన మొక్కజొన్న గింజలు, పైన జున్నూ కారమూ వేయించుకుని తెచ్చేవాళ్ళు. ఆరు చెంచాలు తినేది. నేను లెక్కపెట్టాను. మీరు ఏదో అనేవాళ్ళు, అది నవ్వేది. నేను బయట వరండాలో కూర్చుని ఆ నవ్వు వినేదాన్ని. అది జబ్బుపడ్డ ఆ ఏడు నెలల్లో నా వంతుకి ఒక్క నవ్వు రాలేదు. నాకు నొప్పి ఇచ్చింది, వాంతులు ఇచ్చింది, కోపం ఇచ్చింది. నవ్వు మీ కోసం దాచిపెట్టింది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. దాన్ని చేర్చడానికి వచ్చిన రోజు మీకు గుర్తుండదు. పనిబట్టల్లోనే వచ్చాను. మీరు మేకులు కొట్టిన బూట్లతో చెక్కబల్ల మీద టకటకా నాలుగు అడుగులు వేసి చూపించారు. ఇది వెరాక్రూజ్ వైపు పల్లెల ఆట అమ్మా, ఫందాంగో అంటారు, చుట్టూ జనం చేరతారు, కింద బోలుగా ఉంటుంది కాబట్టి బల్లే డప్పులా పలుకుతుంది అని నాకు విడమర్చి చెప్పారు. నేను పుట్టింది ఆ వెరాక్రూజ్‌లోనే, తుస్త్లా కొండల్లో. మీరు మా ఊరిని నాకు పరిచయం చేశారు. నేను తల ఊపి, చాలా బాగుందండీ అన్నాను.

మూడు సాయంత్రాలు మీవి, నవ్వులు మీవి. పేరు ఒక్కటే నా దగ్గర మిగిలింది. అది నేను పెట్టిన పేరు. ఇవ్వను. కాగితం తిప్పి పంపుతున్నాను. ఫోటో లేదు.

డెల్ఫీనా చాసరో


ఎన్రమాద, షికాగో
జూన్ 9

దోన్యా డెల్ఫీనా గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ మొదటి రోజు గురించి ఏం చెప్పను, సిగ్గుతో చచ్చిపోయాను. మీరు తుస్త్లా మనిషని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది. ఏడేళ్ళలో ఎప్పుడూ ఎందుకు చెప్పలేదు?

నవ్వుల గురించి. నేను టీచర్ని, తల్లిని కాను. పిల్లలు టీచరు ముందు బాగుండాలని చూస్తారు. కోపం చూపించే చనువు నా దగ్గర ఆమెకి లేదు. ఇది మీకు ఓదార్పు కాదని తెలుసు. నాకు నలభై మూడేళ్ళు, ఇంటికి వెళ్తే నా మీద అలిగి గోడ వైపు తిరిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఒక మాట రాయనా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. ఏడేళ్ళలో మా పిల్లల ప్రదర్శనకి మీరు ఒక్కసారి కూడా రాలేదు. మొదలయ్యే ముందు ఇరాయిస్ తెర సందులోంచి తొంగిచూసి, వచ్చిన తల్లుల మొహాలు ఒక్కొక్కటే వెతికేది. తర్వాత తర్వాత వెతకడం మానేసింది.

పేరు సంగతి మీ ఇష్టం. ఒత్తిడి చేయను. సెప్టెంబరు పంతొమ్మిదిన సన్మానానికి మాత్రం రండి. ముందు వరసలో మీ ఇద్దరికీ కుర్చీలు ఉంచుతాను. చివరి ఆటలో ఇరాయిస్ నిలబడే చోటు ఖాళీగా వదిలి, మిగతా పిల్లలు చుట్టూ ఆడతారు. ఆ చోటు మీద దీపం పడుతుంది. ముందే చెప్తే మంచిదని చెప్తున్నాను.

మీ
నొయెమీ


సౌత్ కెడ్జీ
జులై 2

నొయెమీకి,

నీ ఉత్తరం ఫెర్మీన్ ముందు చదివి రెండు రోజులు పిండి డబ్బాలో దాచాడు. దొరికింది. చదివాను.

మీ ప్రదర్శనలన్నీ శనివారాలే, హోటళ్ళ దుప్పట్లు మా లాండ్రీకి వచ్చేదీ శనివారాలే. శనివారం మానేస్తే సోమవారం పనిలోకి రావద్దంటారు. నా మొహం కోసం వెతికిందని నువ్వు చెప్తే నాకు తెలియాలా? చూశావు కదా, ఒక్కసారి ఫోన్ చేసి, రావమ్మా, నీ పిల్ల వెతుక్కుంటోంది అని ఎందుకు అనలేదు? అప్పుడు అనలేదు, ఇప్పుడు పొడవడానికి రాశావు.

ఎందుకు చెప్పలేదని అడిగావు. నువ్వు అంత బాగా చెప్తుంటే, అంత చదువుకున్నదానివి, నేను చెమట కంపుతో నిలబడి, నాకు తెలుసమ్మా అనాలా? అనాలనిపించలేదు. పిల్ల నీ వైపు ఎలా చూస్తోందో అప్పుడే చూశాను.

పంతొమ్మిదిన వస్తాను. సన్మానానికి కాదు. నా పిల్లని అక్కడ ఏం చేస్తారో చూడడానికి.

డెల్ఫీనా


సౌత్ కెడ్జీ
సెప్టెంబరు 22

టీచరమ్మకి,

శనివారం నేను చేసినదానికి మీ దగ్గర్నుంచి ఫోన్ వస్తుందనుకున్నాను. రాలేదు. మీ సన్మానం పాడుచేశానని కోపం వచ్చి ఉంటుంది. ఏం జరిగిందో నా వైపు నుంచి రాస్తున్నాను.

ఆ చోటు కావాలనే వదిలారని తెలియక బల్ల ఎక్కానని అందరికీ చెప్పాను. మా తుస్త్లా వైపు తీగలు మోగుతుండగా చెక్కబల్ల ఖాళీగా ఉంటే ఆ ఇంటివాళ్ళకి నామోషీ, ఎవరో ఒక ఆడమనిషి, పొయ్యి మీద కూర దించేసి వచ్చైనా సరే, ఎక్కాలి, ఆ అలవాటుకొద్దీ ఎక్కేశాను అని చెప్పాను. నగరం వాళ్ళు పాపం నమ్మి, చాలా బాగుంది అన్నారు. ఫెర్మీన్ కూడా నమ్మాడు. “ముప్ఫై ఏళ్ళైనా నీ పల్లెటూరి బుద్ధి పోలేదు” అని కారులో దారంతా నవ్వుకున్నాడు. మార్చి తర్వాత అతను నవ్వడం అదే మొదలు.

మీకు మాత్రం నిజం రాస్తాను. ఆ చోటు దేనికో నాకు తెలుసు. మీరు ముందే రాశారు కదా.

మొదట్నుంచీ కడుపు మండుతూనే ఉంది. మీరు మైకు ముందు ‘నా పిల్లలు’ అన్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఈ పేట పిల్లలకి ఎన్రమాద ఇల్లు లాంటిదని నగరం తరఫున వచ్చిన కోటు ఆయన అన్నాడు. మా ఇళ్ళు ఏమయ్యాయో మరి. తర్వాత దీపాలు తగ్గించారు. గిటార్లు మొదలయ్యాయి. నడుమ ఉన్న బల్లకి ఒక సగం మీద మీ పిల్ల ఒకతె, రెండో సగం మీద ఒట్టి వెలుగు. వెనక వరసలోంచి ముక్కులు చీదే చప్పుడు. మూడొందల మంది ఆ ఒట్టి చెక్కని చూసి ఏడుస్తున్నారు. నా పిల్ల ఎడమ కాలికి ఆరు వేళ్ళని వాళ్ళలో ఒక్కరికైనా తెలుసా? నాకు ఏడుపు రాలేదు. నా పిల్లకి నాకంటే బాగా వాళ్ళే ఏడుస్తున్నారు. అది కూడా నాకు మిగల్చలేదా అనిపించింది.

అప్పుడు లేచాను. బూట్లు కుర్చీ కింద వదిలేసి, మేజోళ్ళతోనే ఎక్కాను. దాని చోటు నేను కమ్మేస్తే ఇక చూడడానికి ఏముంటుంది అని. అంత చెడ్డ బుద్ధితోనే ఎక్కాను టీచరమ్మా. ఎక్కాక కాళ్ళు వాటంతటవే పోయాయి. నా పంతొమ్మిదో ఏట వదిలేసిన అడుగు అది. మీరు నేర్పే టకటకలు కాదు. పాదం మొత్తం ఆనించి, నేలకి దగ్గరగా, మడమ ఈడ్చి వేసేది.

ఎంతసేపు వేశానో తెలియదు. మీ పిల్ల, యులియానా అట, పదకొండేళ్ళుంటాయేమో, వచ్చి నా వెనక నిలబడింది. మా దగ్గర ఇంకొకామె వచ్చి వెనక నిలబడితే ఆడుతున్నామె దిగి చోటివ్వాలి. నాకు దిగబుద్ధి కాలేదు. అది నా చెవి దగ్గరకొచ్చి, “ఆంటీ, నా వంతండీ. మీరు చాలాసేపు వేశారు” అంది. దిగాను. దిగి కిందికొచ్చి కూర్చున్నాక గానీ నా వీపు తడిసిపోయిందని తెలియలేదు.

పాడుచేసినందుకు మన్నించండి. పూర్తిగా మనసారా అడగడం లేదు, ఉన్నది ఉన్నట్టు రాశాను.

డెల్ఫీనా


ఎన్రమాద
అక్టోబరు 3

దోన్యా డెల్ఫీనా గారికి,

కోపంతో ఫోన్ చేయలేదనుకున్నారా? భయంతో చేయలేదు. మీరు చూసేశారనుకున్నాను. చూడలేదని మీ ఉత్తరం చదివాక అర్థమైంది. మీరు తల వంచుకుని మీ కాళ్ళే చూసుకుంటున్నారు.

మీరు ఎక్కగానే చుట్టూ ఉన్న ఆరుగురు పిల్లలూ టకటకలు ఆపేసి మీ అడుగే వేశారు. మీరు మధ్యలో మార్చిన చోటల్లా వాళ్ళూ మార్చారు. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వాళ్ళకి ఆ అడుగు రెండేళ్ళుగా వచ్చు.

ఇరాయిస్ పదిహేనో ఏట ఒక మంగళవారం బూట్లు విప్పేసి, ఇది చూడండి టీచర్ అని వేసి చూపించింది. ఎక్కడ నేర్చుకున్నావంటే ఇలా చెప్పింది: “మా అమ్మ గిన్నెలు తోముతూ వేస్తుంది. వేస్తున్నట్టు తనకే తెలీదు. అడిగితే ఆపేస్తుందని అడగను. బల్ల దగ్గర కూర్చుని హోంవర్క్ చేస్తున్నట్టు నటిస్తా.”

ఇది మీకు ఆ రోజే చెప్పాల్సింది. ఆస్పత్రి వరండాలో చెప్పాల్సింది. ఏప్రిల్ ఉత్తరంలో రాయాల్సింది. ఎందుకు చెప్పలేదో చెప్తాను, అసహ్యించుకోండి. నేను ఈ షికాగోలో పుట్టాను. ఆ ఆట కోసం ఆరు వేసవులు నోట్‌బుక్ పట్టుకుని వెరాక్రూజ్ పల్లెలన్నీ బస్సుల్లో తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, గౌరవంగా చూసి పంపేవాళ్ళు. ఆ కిందికి వేసే అడుగు మాత్రం నాకు ఎవరూ చూపించలేదు. పదిహేనేళ్ళ పిల్ల దాన్ని వంటింట్లోంచి ఊరికే తెచ్చేసింది. మీరెవరో కూడా నాకు సరిగ్గా తెలియదు, మీ మీద ఒళ్ళు మండిపోయింది.

ఆమె అందరికీ అది మా అమ్మ అడుగు అని చెప్పేది. నేను దాన్ని కింది అడుగు అని పిలవమన్నాను. నగరానికి పంపిన దరఖాస్తులో, నా ప్రయాణాల్లో సేకరించి పిల్లలకి నేర్పినది అని రాశాను. సన్మానం ఇవ్వడానికి వాళ్ళు చెప్పిన మొదటి కారణం అదే.

నగరానికి నిజం రాసేస్తాను. సన్మానంలో ఇచ్చిన ఫలకం తిరిగి ఇవ్వమంటే ఇచ్చేస్తాను. గది తలుపు మీద ఏ పేరూ పెట్టలేదు, పాత రెండో నంబరే ఉంది. అలాగే ఉంటుంది.

నొయెమీ


సౌత్ కెడ్జీ
అక్టోబరు 20

నొయెమీకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు గిన్నెలు తోమడానికి నిలబడి, కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడిపోయాను. కదలలేదు. చూస్తున్నానని వాటికి తెలిసిపోయినట్టుంది. ఫెర్మీన్ వచ్చి కుళాయి కట్టేశాడు.

నాలుగు రోజులు నిన్ను తిట్టుకున్నాను. వరండాలో ఆ ఒక్క మాట నా చెవిలో వేసి ఉంటే, లోపల అది నీతో నవ్వుతున్నా నేను బయట ఇంకోలా కూర్చునేదాన్ని. అది నువ్వు నాకు తిరిగి ఇవ్వలేవు. పోనీలే అనే పెద్ద మనసు నాకు లేదు. నగరానికి రాసేయి. వాళ్ళకి అడుగుకీ మోకాలికీ తేడా తెలియదు, ఫలకం అడగరులే. ఆ పిల్లలకి మాత్రం నీ నోటితో నువ్వే చెప్పు, అందర్నీ కూర్చోబెట్టి. ఇరవై ఏళ్ళుగా వాళ్ళని వీధుల్లో పడనివ్వకుండా చూశావు, అది నిజమే, ఎవరూ కాదనరు. దానికి సన్మానం తీసుకో. మా అమ్మ అడుగుకి వద్దు. అది నాకు మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. అడుగుకి పేరు కావాలంటే ఆవిడ పేరు అపోలోనియా.

గది పేరు సంగతి ముఖం మీదే తేల్చేద్దామని మొన్న గురువారం వచ్చాను. నీకు తెలియదు, నువ్వు ఫోన్‌లో ఉన్నావు. వద్దు అనడానికే వచ్చాను. ఎందుకు వద్దో కూడా దారిలో మాటలు కూర్చుకున్నాను. రేపు ఎవరో, ఇరాయిస్‌లో లైటు ఆర్పావా అంటారు, ఇరాయిస్ తుడిచావా అంటారు, పదేళ్ళు పోతే అది ఒక గది అయిపోతుంది, నా పిల్ల కాదు, అది నేను పడలేను అని చెప్దామనుకున్నాను.

నడవాలో చీపుర్ల పక్కన నిలబడ్డాను. ఇద్దరు ఆడపిల్లలు నన్ను చూడకుండా దాటారు. ఒకతె యులియానా. “నా నీళ్ళ సీసా ఇరాయిస్‌లో మర్చిపోయానే” అంది. రెండోది, “ఇరాయిస్‌కి తాళం వేశారు, టీచర్ని అడుగు పో” అంది. తలుపు మీద నువ్వు రాసినట్టే రెండో నంబరు ఉంది. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే పిలుచుకుంటున్నారు.

నేను చెప్దామనుకున్నది కచ్చితంగా అదే జరిగింది, నా కళ్ళ ముందే. కోపం వస్తుందని చూశాను. రాలేదు.

నొయెమీ, ఏడు నెలలైంది ఆ పేరు ఇంకొకరి నోట విని. ఫెర్మీన్ ‘పిల్ల’ అంటాడు. లాండ్రీలో నేను వెళ్తే మాటలు ఆపేస్తారు. నేనే అనుకుందామంటే ఇంట్లో ఆ పేరుతో పని లేదు. తిండికి రమ్మని పిలిచేదాన్ని, దువ్వెన ఎక్కడ పడేశావని అరిచేదాన్ని, బాత్రూంలోంచి రావేమని తలుపు కొట్టేదాన్ని. ఊరికే పిలవడానికి నోరు రావడం లేదు. అక్కడ మీ నడవాలో ఆ పేరుకి పని ఉంది. సీసాలు మర్చిపోవడానికి, తాళాలు తీయడానికి, ఆలస్యమైతే పరిగెత్తడానికి.

ఇంకోసారి వినపడుతుందేమోనని నేను అక్కడే నిలబడ్డాను. ఇంకో రెండుసార్లు వినపడింది. తర్వాత నీకు కనపడకుండా వచ్చేశాను.

నీ కాగితం అప్పుడే తిప్పి పంపేశాను కదా, అందుకే తెల్లకాగితం మీద ఒప్పుకుంటున్నామని రాసి సంతకం చేశాను. ఫెర్మీన్ కూడా చేశాడు. కాగితం దీనితోనే ఉంది. ఫోటో పెట్టకు, మొహం నా దగ్గరే ఉండనీ. పేరు మాత్రం పెద్ద అక్షరాలతో పెట్టు, కొత్తగా వచ్చిన పిల్లలకి కూడా దూరం నుంచి కనపడేలా.

నా మనసు మారిపోయిందనుకోకు. నీ మీద కుళ్ళు కొంచెం తగ్గింది, అంతే. ఇప్పుడు ఆ తలుపుని చూస్తే కుళ్ళుగా ఉంది. రోజుకి ఎన్నిసార్లు దాన్ని ఆ పేరుతో పిలుస్తారో.

డెల్ఫీనా